పండు మిరప ఎరుపు

తొలకరి జల్లు పడ్డ మర్నాడు మా నాయన చేలోకి వెళ్ళి గుప్పెడు నల్లమట్టి తీసి పిడికిట్లో నొక్కి చూసేవాడు. వేళ్ళకు జిగటగా అంటుకుంటే ఇంకా ఆగాలి. ముద్దయి, బొటనవేలు తగలగానే విడిపోతే మాత్రం "పదునైంది" అనేవాడు. ఆ మాట వినపడ్డాక ఊళ్ళో నడిచేవాళ్ళుండరు, అందరిదీ పరుగే. ఆ పరుగు కూడా ముందు చేల వైపు కాదు, కొలిమి వైపు. వానకు ముందే జాగ్రత్తపడ్డవాళ్ళు కొందరుంటే, పడ్డాక పరిగెత్తేవాళ్ళే ఎక్కువ. నాగటి కర్రులూ గుంటక పాసలూ భుజాన వేసుకొని తెల్లవారకముందే చేరేవాళ్ళు. అక్కడ కూడా అదే మాట: "బాబాయ్, దీనికి కాస్త పదును పెట్టు."

నేలకూ ఇనుముకూ ఒకే మాట ఎందుకు వాడతామో చిన్నప్పుడు నాకు తోచలేదు. అరవై దాటాక తోస్తోంది. రెండు చోట్లా అది తడికీ వేడికీ మధ్య నిలిచే కాసేపు. అది దాటితే నేల రాయవుతుంది, ఇనుము పెళుసవుతుంది. ఆ కాసేపటిని కంటితో పట్టుకోగల మనిషి కొలిమి దగ్గర కూర్చుంటే నేను పక్కన తిత్తి తాడు లాగాను. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

మా ఊరు నరసరావుపేటకూ చిలకలూరిపేటకూ మధ్యలో ఉంటుంది. డాబా ఎక్కితే కోటప్పకొండ కనిపిస్తుంది. 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్ళు వదిలేదాకా మాది మెట్ట సేద్యం. జొన్న, కంది, పత్తి, మిరప. కొలిమి ఊరికి పడమటి చివర, వేపచెట్టు పక్కన పొగచూరిన పెంకుటి పాకలో ఉండేది. లోపల పట్టపగలు కూడా చీకటే. కిటికీ పెట్టుకోలేనంత లేనివాడేమో అనుకునేదాన్ని. అసలు సంగతి తర్వాత తెలిసింది. కాలిన ఇనుము రంగు ఎండలో కనపడదు. వెలుతురులో నల్లగా ఉందనుకున్న ముక్క చీకట్లో ఎర్రగా ఉంటుంది. మామూలు సాగగొట్టే పనులు ఎప్పుడైనా చేసేవాడు గానీ, పదును పెట్టే పని తెల్లవారుజామునో దీపాలు పెట్టే వేళకో చేసేవాడు. అమావాస్యనాడు కొలిమి అసలు వెలిగేది కాదు.

మేము ఆయన్ను కమ్మరి తాత అనేవాళ్ళం. నాయనకు బాబాయి. కులాలు వేరైనా వరసలు అలా నడిచేవి. మోకాళ్ళదాకా పంచె, నుదుట విభూతి, కుడి ముంజేతి మీద రవ్వలు పడి మాడిన మచ్చలు. ఆయన కొడుకు సమ్మెట వేసేవాడు. తాత చేతిలో చిన్న సుత్తి. ఆ చిన్న సుత్తి పని ఇనుమును సాగగొట్టడం కాదు, చోటు చూపడం. తాత సుత్తి టక్కుమన్న చోటే కొడుకు సమ్మెట దడేలుమని పడాలి. సుత్తి పక్కకు జరిగి దాగలి మీద ఉత్తినే మోగిందంటే ఆపమని. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకుండా గుంటక పాస మొత్తం సాగదీసేవాళ్ళు.

"దెబ్బ గట్టిగా పడితే కత్తి గట్టిదవుతుంది" అని ఊళ్ళో అందరూ నమ్మేవాళ్ళు. తాత ఒప్పుకునేవాడు కాదు. ఆయన చెప్పింది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఒక్కటే. దెబ్బకు కత్తి ఆకారం వస్తుంది. వెన్ను మందంగా, అంచు పలుచగా సాగుతుంది. పాత ఇనుములో ఉండే చిట్టెం పిండుకుపోతుంది. సరైన కాకలో కొడితే లోపలి రవ్వ సన్నబడుతుంది. కాక చల్లారాక ఇంకా కొట్టామంటే కంటికి ఆనని పగుళ్ళు పడి, ఆర్నెల్ల తర్వాత ఎవరి చేతిలోనో కత్తి రెండవుతుంది. కత్తి బలమంతా దెబ్బలో లేదు, కాకలో ఉంది. ఎంత కాక, ఎంతసేపు, ఏ నీళ్ళలో, ఎంత లోతు.

నాకది తెలిసివచ్చిన రోజు బాగా గుర్తు. తొమ్మిదేళ్ళుంటాయేమో. తిత్తి తాడు లాగడం మా పిల్లలందరికీ పోటీ. ఆ సాయంత్రం నా వంతు వచ్చింది. కొలిమిలో ఒక కొడవలి ఉంది. తాత నీళ్ళ తొట్టి సర్దుకోవడానికి అటు తిరిగాడు. నేను ఉత్సాహం కొద్దీ బలమంతా పెట్టి లాగాను. తుమ్మబొగ్గులు తెల్లగా వెలిగాయి. కొడవలి మొన నుంచి చిటపటమని చుక్కలు లేచాయి, మతాబు కాలినట్టు. నాకు ఎంత సంబరమేసిందో! తాత గబుక్కున తిరిగి పట్టకారుతో బయటికి లాగాడు.

"చచ్చిందమ్మాయ్" అన్నాడు.

తిడతాడనుకున్నాను, తిట్టలేదు. దాన్ని ఆరనిచ్చి, మొనను దాగలి అంచున పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. బెల్లం అచ్చులా విరిగింది. విరిగిన చోటు నా కంటి దగ్గర పెట్టి చూపించాడు. లోపలంతా ఉప్పుకల్లులాగా పెద్ద పెద్ద రవ్వ, మెరుస్తోంది. తర్వాత మూలనుంచి ఒక పాత ఆకురాయి ముక్క తీసి అదీ విరిచి పక్కన పెట్టాడు. అది మెత్తని బూడిద రంగు, జల్లించిన పిండిలా సన్నం. "కాక ఎక్కువైతే రవ్వ బలుస్తది. రవ్వ బలిస్తే కట్టు ఉండదు. ఇంక దాన్నేం చేసినా మళ్ళీ బతకదు" అన్నాడు. ఆ కొడవలి ఎవరిదో నాకు చెప్పలేదు. ఆ ఇంటికి మాత్రం తన ఇనుముతో కొత్తది చేసి ఇచ్చాడని నాయన ద్వారా తెలిసింది.

మరి ఎంత కాక చాలు? దానికి ఆయన దగ్గరున్న కొలత మా పొలాల్లోదే. "పండు మిరప ఎరుపు" అనేవాడు. ఎండిన కాయ ముదురు రంగు కాదు, చెట్టు మీద అప్పుడే పండిన కాయ రంగు. ముదురెరుపులో ముంచితే ఉక్కు బిగవదు. నారింజ రంగుకు పోతే రవ్వ బలుస్తుంది. లోహశాస్త్రం పుస్తకాల్లో ఇదే ఎరుపు పక్కన సుమారు 800 డిగ్రీలని రాసి ఉంటుంది. ఆయనకు డిగ్రీల సంగతి తెలియదు. కొడవలి అంచు అంతటా ఒకే పండు మిరప రంగు వచ్చేదాకా ముందుకూ వెనక్కూ జరుపుతూ, రెప్ప వేయకుండా కూర్చునేవాడు. అప్పుడు ఎవరైనా పలకరిస్తే బదులిచ్చేవాడు కాదు. మా నాయన అంతటివాడు కూడా బయట వేపచెట్టు కింద నిలబడి ఆగేవాడు.

ఆ తర్వాత నీళ్ళు. కత్తి మొత్తం ముంచడు. అంచు మాత్రం రెండు వేళ్ళ లోతు దించుతాడు. సుయ్యిమంటుంది. వెన్ను ఇంకా ఎర్రగానే ఉంటుంది. వెంటనే బయటికి తీసి అంచును ఇటుకపెళ్ళతో గబగబా రుద్దుతాడు. నలుపు పోయి తెల్లటి లోహం బయటపడుతుంది. అప్పుడు వెన్నులో మిగిలిన వేడి అంచు వైపు పాకుతుంటే, ఆ తెల్లటి చోట రంగులు నడవడం నేను చూశాను. ముందు ఎండుగడ్డి రంగు. దాని వెనక తేనె రంగు, ఆ తర్వాత వంకాయ రంగు, చివరికి నెమలి మెడ నీలం. ఏ కత్తికి ఏ రంగు కావాలో ఆ రంగు అంచుకు చేరగానే మళ్ళీ నీళ్ళలోకి. అంతటితో ఆ రంగు దగ్గర ఆ కత్తి గుణం నిలిచిపోతుంది. ఎండుగడ్డి రంగంటే 220, 230 డిగ్రీలు. వంకాయ రంగు 280 దాకా. నీలం 300. మొదటి ముంపులో ఉక్కు గాజంత గట్టిపడి, గాజంత పెళుసవుతుంది. ఈ రెండో వేడి ఆ పెళుసుతనాన్ని కాస్త తగ్గించి, గట్టితనాన్ని చాలావరకు ఉంచుతుంది.

అన్ని కత్తులకూ ఒకే రంగు పనికిరాదు. కూరల కత్తిపీటకు తేనె రంగు దగ్గర ఆపేవాడు. కత్తిపీట కదలదు, కాయే దాని మీదికి వస్తుంది, దెబ్బ ఉండదు. కాబట్టి గట్టిగా ఉండొచ్చు. వేసవిలో ఆవకాయకు మామిడికాయలు కొట్టే కత్తి దారి వేరు. టెంక ముదిరితేనే ఆవకాయ ముక్క ఏడాది నిలుస్తుంది. ఆ ముదురు టెంకను ఒక్క దెబ్బకు చీల్చాలి. తేనె రంగు దగ్గర ఆపిన కత్తితో టెంక కొడితే అంచు పెచ్చులు లేచి పళ్ళు పడుతుంది. అందుకని దాన్ని వంకాయ రంగు దాకా పోనిచ్చేవాడు. రెండు మూడు వందల కాయలు కొట్టాక అంచు కొద్దిగా మొద్దుబారుతుందంతే, విరగదు. నూరుకుంటే చాలు.

బాపట్ల వైపు నుంచి తాళ్ళు గీసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఏడాదికొకసారి మా తాత దగ్గరికి వచ్చేవాళ్ళు. గీత కత్తికి దెబ్బ పని లేదు. గెలను రోజూ కాగితమంత పలుచగా చెక్కాలి. ఏమాత్రం నలిగినా కల్లు సరిగా దిగదు. ఆ కత్తులకు నీళ్ళ మీద ఆముదం తేలగట్టి అందులో ముంచేవాడు. పలుచని అంచు ఒక్కసారిగా చల్లటి నీళ్ళు తగిలితే చిట్లుతుంది, నూనెలో కాస్త నెమ్మదిగా చల్లారుతుంది. ఆ కత్తులు చేసిన రోజు తాత భోజనం ఆలస్యమయ్యేది.

ఉక్కు ఎక్కడిదంటారా? నా చిన్నతనంలో కొడవళ్ళూ గొడ్డళ్ళూ చాలావరకు మెత్తని ఇనుముతోనే చేసి, అంచుకు మాత్రం ఉక్కు వేసేవాళ్ళు. ఇనుప ముక్క అంచును ఉలితో చీల్చి, ఆ చీలికలో పాత ఆకురాయి ముక్కను ఇరికించి, పైన ఇసుక చల్లి కొలిమిలో పెట్టేవాడు. ఇసుక కరిగి, చిట్టెంతో కలిసి కారిపోతుంది. లోహం ముఖం శుభ్రపడి, చెమర్చినట్టు మెరవగానే తీసి కొడితే రెండూ ఒకటే అవుతాయి. మెత్తని ఇనుములో కర్బనం నూటికి 0.1 కూడా ఉండదు. ఆకురాయిలో ఒకటికి పైనే. వెన్ను వంగుతుంది గానీ విరగదు, అంచు అరగదు. ఉక్కు ఖరీదైన రోజుల్లో ఇది పొదుపు కూడా. అతుకు సరిగా పడకపోతే మాత్రం మొదటి కోతలోనే పెదవి విచ్చినట్టు విచ్చుకుంటుంది. ఆ తర్వాత చిలకలూరిపేట షెడ్ల నుంచి లారీ కమాను పట్టీలు తూకానికి దొరకడం మొదలైంది. అందులో కర్బనం అరశాతం పైన. ఒకే ముక్క, అతుకు పని లేదు. "ఇది వచ్చాక మా పని సగం తగ్గింది, సగం విద్య కూడా పోయింది" అన్నాడు తాత ఒకసారి. ఆ మాటలో బాధ ఉందో తేలికదనం ఉందో ఇప్పటికీ తేల్చుకోలేను.

చాలా ఏళ్ళకు గుంటూరులో కాపురం చేస్తూ చదివిన పుస్తకాల్లో కోనసముద్రం పేరు తగిలింది. నిజామాబాదు జిల్లా ఊరు. అక్కడ మట్టి మూసల్లో ఇనుమును కరిగించి ఉక్కు తీసేవాళ్ళని, ఇస్ఫహాన్ నుంచి పారశీక వర్తకుడు వచ్చి అక్కడే మకాం వేసి కొనుక్కుపోయేవాడని హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు రాస్తే 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మనకూ కన్నడిగులకూ ఉమ్మడి మాట అయిన ఉక్కే ఇంగ్లీషులో వూట్జ్ అయిందని పండితులంటారు. లండనులో మైకేల్ ఫారడే అంతటివాడు 1820 ప్రాంతంలో స్టోడార్ట్ అనే కత్తుల పనివాడితో కలిసి దాని గుట్టు తేల్చాలని కూర్చున్నాడు. నన్ను ఆపేసింది ఇంకో సంగతి. యూరపు కమ్మరులు ఆ ఉక్కును తమ అలవాటు ప్రకారం తెల్లకాక దాకా తీసుకుపోయి కొడితే పొడి పొడిగా రాలిపోయేదట. కర్బనం నూటికి ఒకటిన్నర దాకా ఉన్న ఉక్కు అది. తక్కువ కాకలో, ఓపిగ్గా, చిన్న దెబ్బలతో సాగదీయాలి. అది చదువుతుంటే నా చేతిలో తిత్తి తాడు ఉన్నట్టే అనిపించింది. మతాబులా లేచిన ఆ చుక్కలు, "చచ్చిందమ్మాయ్" అన్న ఆ గొంతు.

తాతకు డబ్బు రూపంలో ఇచ్చేది తక్కువ. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మేర. మా ఇంటికి ఏడాది పొడుగునా ఎన్నిసార్లు కర్రు సాగగొట్టినా, రోకలి పొన్ను ఊడితే ఎన్నిసార్లు బిగించినా, లెక్క ఒక్కసారే. ఈ పద్ధతిలో అన్యాయం లేకపోలేదు. పంట పోయిన ఏడు మేరా పోయేది, కొలిచేవాడి చేయి బిగిస్తే అడిగే దిక్కుండదు. కళ్ళం చివర గోనె పట్టుకొని ఆయన నిలబడ్డ తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. కానీ కత్తి మన్నికకు ఆ పద్ధతిలో ఒక కారణం ఉంది. తను చేసిన కొడవలి విరిగితే కొత్తది చేయాల్సింది తనే, దానికి వేరే డబ్బు రాదు. కాబట్టి విరగకుండా చేసేవాడు. పైగా ఆ కత్తి ప్రతి ఏడాదీ ఆయన చేతికే తిరిగి వచ్చేది. "ఇది మీ నాయన కత్తి, కుడివైపు ఎక్కువ అరిగింది, కంది మోళ్ళు కొట్టాడు గదా" అని చూడగానే చెప్పేవాడు. మరుసటి పదును దాని ప్రకారం ఉండేది.

సాగర్ నీళ్ళతో వరి వచ్చి కక్కు కొడవళ్ళకు గిరాకీ పెరిగింది. అంచు పొడుగునా ఉలితో సన్నగా కక్కు కొట్టి, ఆ తర్వాత పదును పెట్టేవాడు. నాలుగైదేళ్ళు కొలిమి చల్లారలేదు. ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. వాటి గొర్లకు కంపెనీ చేసిన కర్రులు, బోల్టు విప్పి కొత్తవి బిగించుకోవడమే. బండ్లకు రబ్బరు టైర్లు రావడంతో పిడకల మంటలో పట్టా కాల్చి చక్రానికి ఎక్కించే పండగ కూడా పోయింది. 1987లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తుడిచిపెట్టుకుపోయింది. రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడు మేర అడగడానికి తాత ఏ కళ్ళానికీ వెళ్ళలేదని అమ్మ చెప్పింది. ఆయన కొడుకు సమ్మెట వదిలి లారీ షెడ్లో వెల్డింగుకు చేరాడు. తాత పోయాక పాక పెంకులు ఎవరో దించుకుపోయారు.

ఫ్యాక్టరీ కత్తిని నేను చిన్నచూపు చూడను. ఉక్కు రేకును అచ్చుతో కోసి, కొలిచిన వేడిలో, కొలిచిన నూనెలో వేలకొద్దీ ఒకే తీరుగా పదును పెడతారు. మంచి కంపెనీ కత్తి సగటు కొలిమి కత్తికన్నా నమ్మకమైనది. క్రోమియం కలిసిన స్టీలు కాబట్టి తుప్పు పట్టదు, వంకాయ ముక్క నల్లబడదు. మా అమ్మ కత్తిపీటను వాడిన ప్రతిసారీ తుడిచి చుక్క నూనె రాయాల్సి వచ్చేది. నా ఫిర్యాదంతా బజార్లో కట్టలు కట్టి అమ్మే పలుచని చవక కత్తుల మీద. వాటి స్టీలులో కర్బనం తక్కువ, పదును నిలవడానికి లోపల ఏమీ లేదు. నూరితే వాడి వస్తుంది, రెండు ఉల్లిపాయలకు పోతుంది. తాత మాట ఒకటుంది: "వాడి అరుగు రాయి మీద నూరుకున్నా వస్తదమ్మాయ్. పదును కొలిమిలోనే రావాల."

నేను కాపురానికి వెళ్తున్నప్పుడు తాత నాకొక కత్తిపీట చేసి ఇచ్చాడు. కమాను ఉక్కు, తుమ్మచెక్క పీట. ఇచ్చాడంటే చేతికివ్వలేదు. కత్తి ఎవరికీ చేతికివ్వకూడదు, తగవులొస్తాయని. నేల మీద పెట్టాడు, నేను వంగి తీసుకున్నాను. గుంటూరు బ్రాడీపేట అద్దె ఇంట్లో మొదలై నలభై ఏళ్ళు నాతో ఉంది. వెడల్పు మూడో వంతు అరిగిపోయింది, ఏనాడూ పన్ను పడలేదు.

రెండేళ్ళ కిందట వీధిలో మోటారు సాన చక్రం బండి వచ్చింది. కత్తిపీట మొద్దుబారిందని ఇచ్చాను. అతను చక్రానికి గట్టిగా అదిమాడు. నిప్పురవ్వలు ఎగిసిపడ్డాయి. నీళ్ళు చల్లమని చెప్పేలోపే అంచు వెంట నెమలి మెడ నీలం పాకింది. నాకు గుండె ఆగినంత పనయింది. పనివాడి తప్పు కూడా కాదు, అతనికి ఆ రంగు ఏమిటో చెప్పినవాళ్ళు లేరు. కత్తి ఆ పూట తళతళలాడింది. వారంలోపు దొండకాయ కూడా తెగలేదు. పదును పోయింది.

మొన్న ఫిబ్రవరిలో మా ఊరు వెళ్తుంటే నరసరావుపేట దాటాక రోడ్డు పక్కన చిన్న కొలిమి కనిపించి కారు ఆపించాను. సంచార కమ్మరులు. చిత్తోడు కోట పడిపోయినప్పుడు ఇల్లు వదిలినవాళ్ళమని చెప్పుకునే గాడియా లోహార్లలో ఒక కుటుంబం. మగమనిషి పట్టకారు పట్టుకుంటే ఆడమనిషి సమ్మెట వేస్తోంది. ఒక పిల్ల గాలి చక్రం తిప్పుతోంది. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళుంటాయేమో. మరుసటి రోజు తిరుగు ప్రయాణంలో కత్తి బిళ్ళను పీట నుంచి ఊడదీసి తీసుకువెళ్ళాను. ఈలోగా దాన్ని గుంటూరు నుంచి తెప్పించుకున్నానులెండి.

పొద్దు వాలుతోంది. నాకు హిందీ అంతంతమాత్రం, సమ్మెట వేసే ఆమెకు తెలుగు నాలుగు మాటలు. ఎంత ఎరుపు కావాలో ఎలా చెప్పాలో తెలియక, పక్క చేలోకి వెళ్ళి మొక్క మీద పండిన మిరపకాయ ఒకటి కోసుకొచ్చి చూపించాను. ఆమె నవ్వింది. తన భాషలో ఏదో పండు పేరు చెప్పింది. నాకు అర్థం కాలేదు. పిల్లను గాలి తగ్గించమని సైగ చేసి, పైన రేకు అడ్డం పెట్టి నీడ చేసుకొని, కత్తిని బొగ్గుల్లో ముందుకూ వెనక్కూ జరపసాగింది. నేను ఇంకేమీ మాట్లాడలేదు.

ముంచింది. రుద్దింది. రంగు వచ్చేదాకా చూసి మళ్ళీ ముంచింది. చల్లారాక ఆకురాయి తీసి అంచు మీద లాగింది. కరవకుండా జారిపోయింది.

డబ్బులిచ్చి చేయి చాపాను. ఆమె తల అడ్డంగా ఊపి కత్తిని నేల మీద పెట్టింది. నేను వంగి తీసుకున్నాను.